హాలులో ముదురు బ్రౌన్ గోడ: లైటు మార్చడం నుంచి చివరి కోటు దాకా

ముదురు బ్రౌన్ గోడ ఎక్కువగా దెబ్బతినేది ట్యూబ్‌లైటు దగ్గరే. షాపులో కార్డు మీద నిండుగా, వెచ్చగా కనిపించిన షేడు మన ఇళ్లలో మామూలుగా ఉండే 6500 కెల్విన్ (వెలుతురు ఛాయని చెప్పే కొలత) తెల్లటి వెలుతురు కింద బూడిద పూసినట్టు అయిపోతుంది. రంగు తప్పు కలిపారని షాపువాళ్లతో గొడవ పడతారు కానీ, కలిపింది చాలాసార్లు సరిగ్గానే ఉంటుంది. బ్రౌన్ అంటే అసలు వెలుగు తగ్గిన నారింజే. దాని మీద పడే వెలుతురులో ఎరుపు, పసుపు పాళ్లు తక్కువైతే ఆ వెచ్చదనం బయటికి రాదు. అందుకే ముందు లైటు, తర్వాత షేడు, ఆ తర్వాతే పెయింటరు. ఈ వరస తప్పకుండా చేయించుకుంటే బ్రౌన్ అంత నిండుగా కనిపించే రంగు మరొకటి లేదు.

ఇక్కడ లెక్కలకి తీసుకున్నది మామూలు అపార్టుమెంటు హాలు: 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు, ఐవరీ రంగు విట్రిఫైడ్ టైల్స్, టేకు తలుపులు. మంచం తలవైపు గోడకైనా, చదువుకునే గదికైనా పద్ధతి ఇదే.

1. గోడ ఎంచుకోవడం

హాలు బారుగా ఉంటే చివరి చిన్న గోడకి వేయించండి. ముదురు రంగు గోడని ముందుకి తెచ్చినట్టు చూపిస్తుంది కాబట్టి హాలు పొడవు, వెడల్పు సరిపోయినట్టు అనిపిస్తుంది. అదే పొడవాటి గోడకి వేస్తే ఉన్న ఇరుకు ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది.

కిటికీ ఉన్న గోడ వద్దు. పగటి వెలుగు కళ్లలో పడుతుంటే కిటికీ చుట్టూ ఉన్న బ్రౌన్ నల్లగా కనిపిస్తుంది. కిటికీకి ఎదురు గోడ అన్నిటికంటే మేలు. పక్క గోడ కూడా ఫరవాలేదు కానీ, దాని మీద వెలుగు ఏటవాలుగా పడి ప్రతి మిట్టా పల్లం చూపిస్తుంది, లప్పం (పుట్టీ) పని గట్టిగా చేయించాలి. స్ప్లిట్ ఏసీ ఉన్న గోడని వదిలేయండి. తెల్లటి ఏసీ, దాని తెల్ల పైపు కవరు బ్రౌన్ మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. టీవీ గోడ మాత్రం చక్కగా కుదురుతుంది. టీవీ ఆపేసినప్పుడు ఆ నల్ల తెర గోడలో కలిసిపోతుంది.

బాత్రూము వెనక గోడ, వాన కొట్టే బయటి గోడ, గ్రౌండ్ ఫ్లోర్‌లో నేల దగ్గర చెమ్మ ఎక్కే గోడ అయితే ముందు పరీక్ష చేయండి. ఒక అడుగు చదరం పాలిథిన్ షీటుని నాలుగు వైపులా టేపుతో గోడకి గట్టిగా అతికించి రెండు రోజులు వదిలేయండి. తీసి చూస్తే లోపలివైపు తేమ ఉందంటే అది ఆరే దాకా ఆ గోడకి ఏ రంగూ వద్దు, బ్రౌన్ అసలే వద్దు. చెమ్మతో పాటు బయటికొచ్చే ఉప్పు తెల్లటి గోడ మీద అంతగా తెలియదు, బ్రౌన్ మీద తెల్ల మచ్చలై దూరం నుంచే కనిపిస్తుంది. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆరనివ్వాలి.

లోపలి గోడకి ముదురు రంగు వేస్తే గది వేడెక్కుతుందా అని చాలామంది అడుగుతారు. నేరుగా ఎండ పడని లోపలి గోడకి ఆ బెంగ అక్కర్లేదు. ఎండ పీల్చుకునేది బయటి వైపు రంగు.

2. లైటు మార్చడం

ఇప్పుడున్న ట్యూబు, బల్బుల మీద ఏం రాసుందో చూడండి. 6500 కెల్విన్, లేదా కూల్ డే లైట్ అని ఉంటే తీసేయండి. 3000 కెల్విన్ వార్మ్ వైట్ తెచ్చుకోండి. పిల్లలు హాల్లోనే చదువుకుంటారు, మరీ పసుపు వెలుతురు వద్దనుకుంటే 4000 కెల్విన్ దాకా వెళ్లవచ్చు, అంతకి మించి వద్దు. డబ్బా మీద సీఆర్‌ఐ అని మరో అంకె ఉంటుంది, ఆ వెలుతురులో రంగులు ఎంత అసలుగా కనిపిస్తాయో చెబుతుంది. అది 80 ఉంటే సరిపోతుంది, ఈ గోడ మీద పడే లైట్లకి మాత్రం 90 దొరికితే కొంచెం ఖరీదైనా అదే కొనండి. ఒకే గోడ మీద రెండు రకాల కెల్విన్ లైట్లు పడకూడదు. గోడ సగం ఒక రంగులో, సగం ఇంకో రంగులో కనిపిస్తుంది.

ఇక వెలుతురు ఎంత కావాలన్నది. ప్రతి షేడుకీ ఎల్‌ఆర్‌వీ అని 0 నుంచి 100 లోపు ఒక అంకె ఉంటుంది, గోడ ఎంత వెలుతురుని తిప్పి గదిలోకి పంపుతుందో చెబుతుంది. ఆఫ్ వైట్‌కి 80 దగ్గర ఉండే ఆ అంకె ముదురు బ్రౌన్‌కి 5 నుంచి 12 లోపే ఉంటుంది. అంటే ఆ గోడ మీద పడ్డ వెలుతురులో చాలా భాగం అక్కడే ఆగిపోతుంది. ఉన్న లైట్లకి తోడుగా ఆ గోడ కోసమే 7 వాట్ల స్పాట్ లైట్లు మూడు పెట్టించండి. గోడకి రెండు, రెండున్నర అడుగుల దూరంలో, ఒకదానికొకటి మూడేసి అడుగుల ఎడంతో ఉండాలి. ఫాల్స్ సీలింగ్ వాళ్లు అలవాటుగా గోడకి ఆరు అంగుళాల్లో పెట్టేస్తారు. అలా పెడితే వెలుతురు గోడని రాసుకుంటూ కిందికి జారి, లప్పం పూసిన కరణీ నడిచిన ప్రతి గీతనీ చూపిస్తుంది. సీలింగ్ అంచున దాచే స్ట్రిప్ లైటుకీ ఇదే ఇబ్బంది ఉంది, ఈ గోడ పైన అది రాకుండా చూసుకోండి.

3. షేడు ఖాయం చేయడం

ముదురు బ్రౌన్‌లన్నీ కార్డు మీద ఒకేలా ఉంటాయి. లోపల దాగిన ఛాయ వేరు: ఒకదాంట్లో ఎరుపు, ఒకదాంట్లో పసుపు, ఇంకోదాంట్లో బూడిద లేదా ఆకుపచ్చ. అది తెలుసుకోవడానికి కార్డులో అదే పట్టీ మీద ఉన్న అన్నిటికంటే లేత షేడు చూడండి. అది గులాబీ వైపు మొగ్గితే మీ బ్రౌన్‌లో ఎరుపు ఉన్నట్టు, క్రీమ్ వైపు మొగ్గితే పసుపు ఉన్నట్టు. ఇంకా నమ్మకంగా తెలియాలంటే శాంపుల్ డబ్బాలోంచి ఒక చెంచా బ్రౌన్ తీసి పది చెంచాల తెల్ల ఎమల్షన్‌లో (నీళ్లతో పలచన చేసే గోడ రంగు) కలపండి. దాగిన ఛాయ మొత్తం బయటపడుతుంది. బూడిదో, ఆకుపచ్చో కనిపిస్తే ఆ షేడు పక్కన పెట్టేయండి, మనకి కావలసిన వెచ్చదనం అందులో లేదు.

ఎరుపా, పసుపా అన్నది మీ గదిని బట్టి ఉంటుంది. ఉత్తరం కిటికీల నుంచి వచ్చేది ఎక్కువగా ఆకాశపు నీలి వెలుగు, అక్కడ ఎరుపు ఛాయ ఉన్న బ్రౌన్ నిలబడుతుంది. పడమటి ఎండ నేరుగా వచ్చే హాల్లో అదే షేడు సాయంత్రం ఇటుక ఎరుపులోకి తిరుగుతుంది, అక్కడ పసుపు ఛాయ ఉన్నదో, ఇంకొంచెం నలుపు కలిసినదో తీసుకోండి.

తలుపులు, నేల కూడా చూడాలి. పాలిష్ పెట్టిన టేకు రంగు నారింజ, బంగారు రంగుల మధ్య ఉంటుంది. గోడ దానికి దగ్గరగా ఉంటే రెండూ కలవక, విడిపోక వెలవెలబోతాయి. గోడ టేకుకంటే కనీసం రెండు మెట్లు ముదురుగా ఉండాలి, అప్పుడు తలుపు మెరుగు బయటికి వస్తుంది. ఐవరీ టైల్స్‌కి ఏ వెచ్చటి బ్రౌనైనా నప్పుతుంది. బూడిద నీలం తాండూరు బండల మీద పసుపు ఛాయ ఉన్న బ్రౌన్ బాగుంటుంది. పాత ఇళ్లలో రెడ్ ఆక్సైడ్ గచ్చు ఉంటే బ్రౌన్‌ని గోడకి కాకుండా తలుపులకీ, కిటికీలకీ పరిమితం చేయండి. ఆ నేల అందం దానిదే, గోడతో పోటీ పెట్టకూడదు.

శాంపుల్‌ని నేరుగా గోడ మీద వేయకండి. రెండడుగుల చదరం ప్లైవుడ్ ముక్కకో, గట్టి అట్టకో అంచుల దాకా రెండు కోట్లు వేయండి. చుట్టూ తెల్ల అంచు వదిలితే ఆ తెలుపు పక్కన బ్రౌన్ ఉన్నదానికంటే ముదురుగా కనిపించి మోసం చేస్తుంది. ఆరాక ఆ ముక్కని వేయబోయే గోడకే, నేలకి ఆనించి నిలబెట్టండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి కొత్త లైట్లు వేసి చూడండి. రాత్రి నచ్చడం అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే ఇంట్లో అందరూ హాల్లో కూర్చునేది అప్పుడే.

4. ఎంత కొనాలి, ఏది కొనాలి

12 అడుగుల గోడ, 10 అడుగుల ఎత్తు అంటే 120 చదరపు అడుగులు. నున్నటి లప్పం గోడ మీద మంచి ఎమల్షన్ లీటరు రెండు కోట్లకి సుమారు 120 చదరపు అడుగులు వస్తుంది. ముదురు రంగుకి మూడో కోటు కూడా లెక్కలో పెట్టుకోవాలి కాబట్టి లీటరున్నర. తర్వాతెప్పుడైనా ఇంకో కోటు వేయడానికి కాస్త మిగలాలి, రెండు లీటర్లు కొనండి. రెండు డబ్బాలూ ఒకేసారి, ఒకే షాపులో, ఒకే మెషీన్ మీద కలిపించుకోండి. ఇంటికి తెచ్చాక రెండింటినీ ఒకే బకెట్లో పోసి కలిపితే డబ్బాకీ డబ్బాకీ ఉండే కాస్త తేడా కూడా ఉండదు. డబ్బా మీద అంటించిన షేడు కోడు, బేస్ (రంగు కలపక ముందు డబ్బాలో ఉండే పెయింట్) పేరు ఫోనులో ఫొటో తీసుకోండి. టింట్ చేసిన రంగు షాపులు వాపసు తీసుకోవు.

ముదురు షేడ్లు కలిపే బేస్‌లో తెల్లదనం ఇచ్చే టైటానియం డయాక్సైడ్ చాలా తక్కువ, కొన్నింట్లో ఉండదు కూడా. బ్రౌన్‌లోని ఐరన్ ఆక్సైడ్‌కి కప్పే గుణం బాగానే ఉంటుంది కానీ, కింద మెరిసే తెల్ల ప్రైమర్ ఉంటే రెండు కోట్లకి కూడా అక్కడక్కడా తొంగి చూస్తుంది. దీనికి పరిష్కారం ప్రైమర్ దగ్గర ఉంది, కింద చెప్తాం.

మెరుపు సంగతి. గ్లాసీ, హై షీన్ (బాగా మెరిసేవి) వద్దు, గోడ లోపాలన్నీ అద్దంలో చూసినట్టు కనిపిస్తాయి. పూర్తి మ్యాట్ చూడటానికి అన్నిటికంటే అందంగా ఉంటుంది, కానీ ముదురు మ్యాట్ మీద గోరు తగిలినా తెల్ల గీత పడుతుంది, నూనె చెయ్యి తగిలిన చోట నిగనిగలాడుతుంది. పిల్లలున్న ఇంటికి కడగడానికి వీలైన మ్యాట్, లేదా లో షీన్ తీసుకోండి. మంచం వెనక గోడకైతే తలగడ పైన కనీసం రెండడుగుల చెక్క హెడ్‌బోర్డు ఉండాల్సిందే. కొబ్బరి నూనె రాసుకున్న తల రోజూ ఆనే చోట బ్రౌన్ మీద పడే మరక ఎంత తుడిచినా పోదు.

5. గోడ సిద్ధం చేయడం

పాత గోడకి సున్నమో, డిస్టెంపరో ఉంటే మొత్తం గీకించేయాలి. దాని మీద ఎమల్షన్ పట్టు దొరక్క పొరలు పొరలుగా లేస్తుంది. పాత ఆయిల్ పెయింట్ గీకేటప్పుడు తడిపి గీకమనండి, మాస్కు పెట్టుకోమనండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. ఇంట్లో వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది, అంతకు ముందు వేసిన ఆయిల్ పెయింట్‌లో సీసం ఎక్కువ ఉండే అవకాశం ఉంది.

లప్పం రెండు కోట్లు, ఒక్కోటి పల్చగా. మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. దాన్ని 180 నంబరు ఎమరీ పేపరుతో, తర్వాత 320తో రుద్దాలి. ఇప్పుడు చేయాల్సిన పని ఒకటుంది, పెయింటర్లు సాధారణంగా చేయరు: రాత్రి గదిలో లైట్లన్నీ ఆపేసి, ఫోను టార్చి గోడకి ఆనించి, వెలుగు గోడ వెంబడి పారేలా పట్టండి. పగలు నున్నగా కనిపించిన గోడ మీద గుంటలు, కరణీ అంచు గీతలు, ఎమరీ సరిగా తగలని చోట్లు నీడలతో సహా కనిపిస్తాయి. ఒక్కోదాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టండి. పొద్దున్నే మేస్త్రీ వచ్చాక ఆ సున్నాలన్నీ పూడ్పించి మళ్లీ రుద్దించండి. తెల్ల గోడ అయితే ఇంత అక్కర్లేదు. బ్రౌన్‌కి ఈ ఒక్క రాత్రి పని తప్పించుకుంటే తర్వాత ఎన్ని కోట్లు వేసినా దాగదు.

దుమ్మంతా తడి గుడ్డతో తుడిచి, ఆరాక ప్రైమర్. తెల్ల ప్రైమర్‌నే లీటరుకి 30 మిల్లీలీటర్లు మించకుండా రెడ్ ఆక్సైడ్, నలుపు స్టెయినర్లు (పెయింట్‌లో కలిపే చిక్కటి రంగులు) కలిపి లేత బ్రౌన్‌గా చేయించండి. స్టెయినర్ అంతకంటే ఎక్కువైతే ప్రైమర్ సరిగా గట్టిపడదు. స్టెయినర్ ఇలా కలిపితే పై కోట్లు రెండింటితోనే చాలాసార్లు పని తేలిపోతుంది.

6. రంగు వేయడం

సీలింగు, మిగతా మూడు గోడలు పూర్తయ్యాకే బ్రౌన్ గోడ. రోలర్ చిమ్మే చుక్కలు తెల్ల సీలింగ్ మీద పడితే తీయడం కష్టం, వార్తాపత్రికలు నేల మీదే కాదు, సీలింగ్, పక్క గోడల అంచుల్లో కూడా అడుగు మేర అతికించండి.

రెండు రంగులు కలిసే మూలలో గీత సూటిగా రావాలంటే పక్క గోడ మీద మాస్కింగ్ టేపు అంటించి, దాని అంచు మీద ముందు పక్క గోడ క్రీమ్ రంగునే ఒక పల్చటి కోటు వేయండి. టేపు కింద సందులు ఆ క్రీమ్‌తోనే మూసుకుపోతాయి, ఆ తర్వాత వేసే బ్రౌన్ లోపలికి పాకదు. చివరి కోటు ఇంకా కొంచెం జిగురుగా ఉండగానే టేపు తీసేయాలి. మొత్తం ఆరిపోతే ముందు బ్లేడుతో గీత గీసి తీయండి, లేకపోతే పొర కూడా లేచి వస్తుంది.

నీళ్లు డబ్బా మీద రాసిన శాతం దాటకూడదు, అదీ మగ్గుతో కొలిచి కలపాలి, ప్రతి కోటుకీ అంతే. కంటి చూపుతో పోసే అలవాటు లేత రంగుల్లో చెల్లుతుంది. బ్రౌన్‌లో నీళ్లు ఎక్కువైతే చారలు, కోటుకీ కోటుకీ తేడా అయితే మచ్చలు వస్తాయి.

గోడకి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు రెండున్నర అంగుళాల బ్రష్‌తో మూలలు, స్విచ్ బోర్డుల చుట్టూ కొడుతుంటే ఇంకొకరు వెంటనే 9 అంగుళాల రోలర్‌తో ఆ తడి మీదికి వచ్చేయాలి. ముందు అంచులన్నీ కొట్టేసి, టీ తాగొచ్చి రోలర్ పడితే గోడ చుట్టూ ఫొటో ఫ్రేములాగా ముదురు అంచు ఉండిపోతుంది. ఒక మూల నుంచి రెండో మూలకి మధ్యలో ఆపకుండా వెళ్లాలి. చివరి వరస ప్రతిసారీ పైనుంచి కిందికి ఒకే దిక్కుగా లాగాలి. ఫ్యాను ఆపేయండి. ఎండాకాలం తెలంగాణ, రాయలసీమ వేడిలో పొద్దున 10 లోపే ఈ గోడ ముగించండి, మధ్యాహ్నం రోలర్ వెనకే అంచు ఆరిపోయి అతుకులు తెలుస్తాయి.

కోటుకీ కోటుకీ మధ్య కనీసం ఆరు గంటలు. వానాకాలం, కోస్తా గాలిలో ఒక రాత్రి ఆగండి. ముదురు షేడ్లలో రంగు పేస్టు ఎక్కువగా ఉండటం వల్ల లేత రంగులకంటే నిదానంగా ఆరతాయి. తొందరపడితే రోలర్ కింది కోటుని లేపుకుపోతుంది. అదే కారణంతో తడి గాలిలో మొదటి వారాల్లో గోడ మీద జిగటగా మెరిసే చారలు కనిపించవచ్చు. గాబరా పడనక్కర్లేదు, గోడ బాగా ఆరాక తడి గుడ్డతో మెల్లగా తుడిస్తే పోతాయి, మళ్లీ వస్తే మళ్లీ తుడవండి.

మేస్త్రీతో బేరం కుదుర్చుకునేటప్పుడే రంగు కలిపిన ప్రైమర్, అవసరమైతే మూడో కోటు అని స్పష్టంగా మాట్లాడుకోండి. చదరపు అడుగు రేటు రెండు కోట్లకే అని తర్వాత తెలిస్తే పని సగంలో ఆగుతుంది.

7. గోడ పక్కన ఏం పెట్టాలి

మిగతా మూడు గోడలు, సీలింగ్ నీలి ఛాయ ఉన్న తళతళ తెలుపు కాకుండా క్రీమ్ లేదా ఐవరీ అయి ఉండాలి. లేత వెచ్చటి రంగు పక్కన ఉంటేనే బ్రౌన్ బ్రౌన్‌గా కనిపిస్తుంది. తెల్ల స్విచ్ ప్లేట్లు ఆ ఒక్క గోడకి ముదురు రంగువి మార్పించండి. ఖర్చు కొద్దే, తేడా చాలా.

ఇత్తడి దీపపు సెమ్మెలు, ఉరుళి (నీళ్లు, పూలు పెట్టే వెడల్పాటి పాత్ర) ఈ గోడ ముందు ఉన్నంత వెలుగ్గా ఇంకెక్కడా ఉండవు. పెడన కలంకారీ పరదాల్లో క్రీమ్ నేల మీద ఎరుపు, నలుపు అచ్చులున్నవి తీసుకోండి. నిర్మల్ చిత్రాల్లో చాలావాటికి నేపథ్యం ముదురే కాబట్టి నేరుగా తగిలిస్తే గోడలో మునిగిపోతాయి. చుట్టూ రెండు అంగుళాల క్రీమ్ రంగు అట్ట మౌంటు, బంగారు రంగు ఫ్రేము వేయించండి. ఎరుపు నేల ఉండే చేర్యాల నకాషీ పటాలకీ అదే మాట.

8. ఆ తర్వాత

మొదటి నెల గోడని కడగకండి. తర్వాత కూడా మెత్తటి తడి గుడ్డ, అవసరమైతే కాస్త సబ్బు నీళ్లు, అంతే. గట్టిగా రుద్దితే ఆ చోటు మెరుస్తుంది. ఫ్యాను దుమ్ము దీని మీద త్వరగా తెలుస్తుంది, వారానికోసారి పొడి గుడ్డతో దులపండి. పుట్టినరోజు బెలూన్లకి సెల్లోటేపు ఈ గోడ మీద అంటించనివ్వకండి. మేకు కొట్టాలంటే డ్రిల్లు పెట్టే చోటి కింద పాత కవరు ఒకటి నోరు తెరిచి అతికించండి, తెల్ల పొడి అందులో పడుతుంది.

మరక పడితే ఆ చోట మాత్రమే రంగు పూయకండి. ముదురు మ్యాట్ మీద టచప్ ఎప్పుడూ అతుకులాగే కనిపిస్తుంది. ఒక మూల నుంచి ఇంకో మూల దాకా గోడ మొత్తం ఒక కోటు వేయించాలి. దాచిన ఆ అర లీటరు ఒక కోటుకి సరిపోతుంది, మూత గట్టిగా బిగించి నీడన పెట్టి ఉంచండి. కొన్నేళ్లకి మళ్లీ లేత రంగుకి వెళ్లాలనిపిస్తే నేరుగా క్రీమ్ వేయకుండా 220 ఎమరీతో పైపైన రుద్దించి, తెల్ల ప్రైమర్ ఒక కోటు పూర్తిగా ఆరనిచ్చి, ఆ పైన రెండు కోట్లు వేయించండి.